రిలీజ్ రోజు టెన్షన్ తగ్గాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం: రాసిన సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్ల దాకా చేర్చే పని, అంటే రిలీజ్, డిప్లాయ్‌మెంట్, చేత్తో కాకుండా మెషీన్‌తో చేయించడం. మరీ పొడుగ్గా ఉన్న ఉత్తరాలను కాస్త కుదించాం.

ప్రశ్న: మాది ఆరుగురి టీమ్. ఒక వెబ్ అప్లికేషన్, రెండు సర్వర్లు. రిలీజ్ మొత్తం మా సీనియర్ ఒక్కరే తన ల్యాప్‌టాప్ నుంచి చేస్తారు. స్టెప్పులన్నీ ఒక డాక్యుమెంట్‌లో రాసి ఉన్నాయి కానీ అందులో లేనివి కూడా ఆయనకు కొన్ని తెలుసు. ఆయన సెలవు పెడితే రిలీజ్ ఆగిపోతుంది. ఆటోమేట్ చేద్దామండీ అంటే "ఇప్పుడు బాగానే నడుస్తోందిగా" అంటారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఆ డాక్యుమెంట్‌లో లేని స్టెప్పుల దగ్గర నుంచే. ఒక రిలీజ్ మొత్తం ఆయన పక్కన కూర్చుని చూడండి, టైప్ చేసే ప్రతి కమాండూ రాసుకోండి. మధ్యలో ఆయన ఒక్క క్షణం ఆగి, లాగ్ మీద ఓ చూపు వేసి, "ఆఁ, సరే" అనుకుని ముందుకెళ్తారు చూడండి, అక్కడ ఆపి "ఏం చూశారండీ?" అని అడగండి. ఆయన కంటితో చేసే ఆ చెకింగే రేపు మీ స్క్రిప్ట్‌లో అన్నిటికన్నా విలువైన లైన్ అవుతుంది.

ఇక "బాగానే నడుస్తోందిగా" అన్నదానికి జవాబుగా 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థలో జరిగింది చెప్పండి. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి, పెట్టిన మనిషి ఏడింటిలో పెట్టి ఒకటి వదిలేశారు, ఇంకొకరు సరిచూసే పద్ధతేమీ అక్కడ లేదు. ఆ మిగిలిపోయిన సర్వర్‌లో ఏళ్ల క్రితమే వాడటం మానేసిన కోడ్ ఒకటి అలాగే పడి ఉంది, కొత్త కోడ్‌ని ఆన్ చేయడానికి వాడిన ఫ్లాగే (ఆన్, ఆఫ్ స్విచ్ లాంటి సెట్టింగ్) ఆ పాతదాన్ని కూడా నిద్ర లేపింది. దాదాపు 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి, నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు గానీ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. తప్పు ఎక్కడుందో అంతుపట్టక ఆ కంగారులో వాళ్లు సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కూడా కొత్త కోడ్ తీసేశారు, దాంతో ఒక్కదాంట్లో ఉన్న బెడద మిగతా ఏడింటికీ అంటుకుంది.

అంటే వెనక్కి ఎలా వెళ్లాలో ముందే చేసి చూసుకోని టీమ్, ఆపద వచ్చినప్పుడు తోచిందల్లా చేసి దాన్ని పెంచుకుంటుంది. అందుకే నా సలహా చాలామంది చేసేదానికి తలకిందులుగా ఉంటుంది: ముందు రోల్‌బ్యాక్‌ని ఆటోమేట్ చేయండి. ఒక్క కమాండ్ కొడితే నిన్నటి వెర్షన్ నిమిషంలో తిరిగి రావాలి, అది ఎవరు కొట్టినా రావాలి. అది చేతిలో ఉంటే మిగతాదంతా తీరిగ్గా కట్టుకోవచ్చు.

మీ రెండు సర్వర్లకి, బోలెడన్ని సర్వర్లను నడిపే కుబెర్నెటిస్ లాంటి టూల్స్ ఏవీ అక్కర్లేదు. ప్రతి రిలీజ్‌నీ విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి, ఫోల్డర్ పేరు కమిట్ నంబరే (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ ప్రతి మార్పుకీ ఇచ్చే గుర్తు) ఉండాలి. "కరెంట్" అని ఒక సిమ్‌లింక్ (ఇంకో ఫోల్డర్ వైపు చూపించే లింక్) ఉంటుంది, యాప్ ఎప్పుడూ దానిలోంచే నడుస్తుంది. కొత్త వెర్షన్ పెట్టడమంటే ఆ లింక్‌ని కొత్త ఫోల్డర్‌కి తిప్పి యాప్‌ని రీస్టార్ట్ చేయడం, రోల్‌బ్యాక్ అంటే పాత ఫోల్డర్‌కి తిప్పి రీస్టార్ట్ చేయడం, అంతే. పాత ఫోల్డర్లు ఓ ఐదు ఉంచుకుని మిగతావి స్క్రిప్టే తీసేయాలి, లేకపోతే ఏదో ఒక రోజు డిస్క్ నిండి రిలీజ్ నడిమధ్యలో ఆగుతుంది. లింక్ తిప్పేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త: ఉన్న లింక్‌ని నేరుగా మార్చే కమాండ్ లోపల పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టవచ్చు, ఆ మధ్యలో రెప్పపాటు కాలం లింకే ఉండదు, సరిగ్గా అప్పుడే వచ్చిన రిక్వెస్ట్‌కి ఎర్రర్ వస్తుంది. వేరే పేరుతో కొత్త లింక్ చేసి దాన్ని "కరెంట్" మీదికి రీనేమ్ చేయండి, లైనక్స్‌లో రీనేమ్ ఒకే దెబ్బలో జరిగిపోతుంది.

తర్వాత హెల్త్ చెక్. యాప్‌లో ఒక చిన్న పేజీ పెట్టండి, అది డేటాబేస్‌ని ఒకసారి పలకరించి, తాను ఏ కమిట్‌తో నడుస్తోందో చెప్పాలి. స్క్రిప్ట్ ఒక సర్వర్‌ని లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) నుంచి తప్పించి, అందులో కొత్త వెర్షన్ పెట్టి, ఆ పేజీని అడిగి, వచ్చిన నంబర్ తను పంపినదేనని తేలాక ఆ సర్వర్‌ని మళ్లీ ట్రాఫిక్‌లోకి తెచ్చి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్లాలి. "200 ఓకే" (అంతా బాగుందని సర్వర్ ఇచ్చే జవాబు) వచ్చిందా అని మాత్రమే చూసి వదిలేయకండి, రీస్టార్ట్ కాకుండా మొండికేసిన పాత ప్రాసెస్ కూడా 200 ఓకే అనే చెబుతుంది. నైట్ క్యాపిటల్‌లో ప్రతి సర్వర్‌నీ "నువ్వు ఏ వెర్షన్?" అని అడిగే చెక్ ఒక్కటి ఉంటే ఆ ఎనిమిదోది ముందే దొరికిపోయేది.

స్క్రిప్ట్ రాసేటప్పుడు ఇవి కూడా చూసుకోండి. బ్యాష్‌లో (లైనక్స్‌లో ఇలాంటి స్క్రిప్టులు రాసే భాష) ఒక కమాండ్ ఫెయిలైనా మామూలుగా తర్వాతి లైన్‌కి వెళ్లిపోతుంది, ఎర్రర్ వస్తే ఆగిపోవాలని మొదటి లైన్‌లోనే చెప్పాలి. ఇద్దరు ఒకేసారి డిప్లాయ్ కొట్టకుండా లాక్ ఉండాలి. బిల్డ్ ఒక్కసారే జరగాలి, స్టేజింగ్‌లో (టెస్టింగ్ కోసం పెట్టుకున్న సర్వర్‌లో) టెస్ట్ చేసిన ఆ ప్యాకేజీయే ప్రొడక్షన్‌కి (జనం వాడే సర్వర్లకి) వెళ్లాలి. ప్రొడక్షన్ కోసం మళ్లీ విడిగా బిల్డ్ చేస్తే, మధ్యలో ఏదో ఒక లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చి అందులో దూరిపోవచ్చు, అప్పుడు మీరు టెస్ట్ చేసింది ఒకటి, జనానికి ఇచ్చింది ఇంకొకటి.

సీనియర్ గారి సంగతికొస్తే, స్క్రిప్ట్ అంతా మీరే రాసేసి ఆయన ముందు పెట్టకండి. ఆయనతో కలిసి రాయండి, తెలిసింది అంతా ఉన్నది ఆయన దగ్గరే. సెలవులో ఉన్నప్పుడు ఫోన్ మోగకపోవడం ముందుగా ఆయనకే లాభం, ఆ మాట నేరుగా చెప్పండి. స్క్రిప్ట్ అయ్యాక మొదటి రిలీజ్ మాత్రం టీమ్‌లో అందరికన్నా కొత్తవాళ్లతో చేయించండి, ఆయన పక్కన కూర్చోవాలి, కీబోర్డ్ ముట్టుకోకూడదు.

ప్రశ్న: జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్, బిల్డ్, డిప్లాయ్ పనులు చేసిపెట్టే ఈ టూల్స్‌లో ఏది నేర్చుకోవాలి? ఆఫీసులో రోజూ ఇదే వాదన.

జవాబు: మీ కోడ్ ఎక్కడుందో దానితో వచ్చేదే వాడండి, వాదన అక్కడితో ఆపేయండి. జెంకిన్స్ చాలా పాతది, సన్ మైక్రోసిస్టమ్స్‌లో హడ్సన్ పేరుతో పుట్టి 2011లో ఈ పేరు పెట్టుకుంది, చేయలేని పనంటూ దాదాపు లేదు. కానీ దాని సర్వర్‌నీ ప్లగిన్లనీ అప్‌డేట్ చేస్తూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, అలాంటి మనిషి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ఏది వాడినా అసలు పని మీ స్క్రిప్టుల్లో ఉండాలి, యామిల్ ఫైల్ (ఏం చేయాలో ఆ టూల్‌కి చెప్పే సెట్టింగుల ఫైల్) ఆ స్క్రిప్టులను వరుసగా పిలవాలి అంతే. ఐదు వందల లైన్ల యామిల్‌లో లాజిక్ అంతా దాచిపెట్టిన టీమ్‌లు ఆ టూల్ పనిచేయని రోజున, అత్యవసరమైన ఫిక్స్ చేతిలో పెట్టుకుని కూడా పంపలేక కూర్చుంటాయి.

ప్రశ్న: కోడ్ రోల్‌బ్యాక్ అంటారు సరే, డేటాబేస్ సంగతేంటి? కస్టమర్ టేబుల్‌లో "ఫోన్" కాలమ్ పేరుని "మొబైల్" అని మార్చాం. కొత్త కోడ్‌లో వేరే బగ్ ఉందని పాత కోడ్‌కి వెళ్తే అది "ఫోన్" కాలమ్ ఏదీ అని వెతుక్కుని కూలబడింది. ఆ రాత్రి మా అవస్థ చెప్పుకోలేం.

జవాబు: మీ అవస్థ నాకు అర్థమైంది, డిప్లాయ్‌మెంట్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే, దీనికి దగ్గర దారి లేదు. కోడ్ వెనక్కి వెళ్తుంది, డేటాబేస్ వెళ్లదు అని ముందే ఖాయం చేసుకోండి. అప్పుడు ఒకటే నియమం మిగులుతుంది: స్కీమాలో (టేబుళ్లు, కాలమ్‌ల అమరికలో) చేసే ప్రతి మార్పుతోనూ పాత కోడ్ కూడా నడవాలి, కొత్త కోడ్ కూడా నడవాలి. రోల్‌బ్యాక్ లేకపోయినా ఇది తప్పదు, ఎందుకంటే సర్వర్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చేటప్పుడు కాసేపు రెండు వెర్షన్లూ ఒకే డేటాబేస్ మీద నడుస్తుంటాయి.

మీ కాలమ్‌నే తీసుకుందాం. పేరు మార్చడం అనే ఆలోచనే వదిలేయండి. మొదట "మొబైల్" అని కొత్త కాలమ్ చేర్చండి, ఖాళీగానే ఉండనివ్వండి. తర్వాతి రిలీజ్‌లో కోడ్ రెండు కాలమ్‌లలోనూ రాస్తుంది, చదవడం మాత్రం పాతదాని నుంచే. అది నిలకడగా నడిచాక పాత రికార్డుల నంబర్లను కొత్త కాలమ్‌లోకి నింపండి, ఒకేసారి కాదు, వెయ్యి వరుసల చొప్పున, మధ్యలో కాస్త విరామం ఇస్తూ. ఒకే అప్‌డేట్‌తో లక్షల వరుసలు మార్చబోతే ఆ వరుసలన్నీ చివరిదాకా లాక్ అయి కూర్చుంటాయి, వాటిని మార్చడానికి వచ్చినవాళ్లంతా ఆగిపోతారు. నింపడం పూర్తయ్యాక ఇంకో రిలీజ్‌లో చదవడాన్ని కొత్త కాలమ్‌కి మార్చండి. కొన్నాళ్లు చూసి, పాతదాంట్లో రాయడం ఆపేసి, దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదని ఖాయం చేసుకున్నాకే తీసేయండి. ఇంత చిన్న మార్పుకి ఇన్ని రిలీజ్‌లా అనిపిస్తుంది, నిజమే. కానీ వీటిలో ఏ అడుగు దగ్గర ఆగిపోయినా ఒక అడుగు వెనక్కి వేయొచ్చు, ఆ రాత్రి మీకు లేనిది అదే. రిలీజ్ ఒక బటన్ అయిపోతే ఇన్నిసార్లు చేయడం కూడా భారం అనిపించదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతుంటే మరో మాట. కాలమ్ చేర్చడం మామూలుగా క్షణాల పని, 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువ ఇచ్చినా టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. కానీ ఆ క్షణం పనికి కూడా టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అప్పటికే ఎవరో ఆ టేబుల్ మీద పొడుగాటి రిపోర్ట్ నడుపుతుంటే మీ మార్పు దాని వెనక నిలబడుతుంది, మీ మార్పు వెనక తర్వాత వచ్చిన క్వెరీలన్నీ క్యూ కడతాయి, సైట్ స్తంభించిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం "కాలమ్ చేరిస్తే సైట్ పడిపోయింది" అని కనిపిస్తుంది. మైగ్రేషన్ (స్కీమా మార్చే స్క్రిప్ట్) మొదట్లోనే లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) రెండు మూడు సెకన్లు పెట్టండి, లాక్ దొరక్కపోతే అది ఫెయిలై పక్కకి తప్పుకోవాలి, కాసేపాగి స్క్రిప్ట్ మళ్లీ ప్రయత్నించాలి.

బ్యాకప్ ఉందిగా అనే ధైర్యం కూడా ఒకసారి పరీక్షించుకోండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ అలసిపోయి ఉన్న సమయంలో పొరపాటున అసలు ప్రొడక్షన్ డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశారు. చూస్తే రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ ఫైళ్లు అసలు లేనే లేవు, ఆ బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక చాలాకాలంగా ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ అందలేదు. ఆ ఇంజినీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసుకున్న కాపీ వాళ్లను ఆదుకుంది. ఇదంతా వాళ్లే దాచకుండా రాసి బయటపెట్టారు, అందుకు వాళ్లంటే నాకు చాలా గౌరవం. మీరు చేయాల్సిందల్లా వారానికి ఒకసారి బ్యాకప్‌ని ఖాళీ సర్వర్‌లో రిస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టే జాబ్ ఒకటి పైప్‌లైన్‌లో (బిల్డ్, టెస్ట్, డిప్లాయ్ పనులు మెషీనే వరుసగా చేసే ఏర్పాటులో) పెట్టడమే.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా మాన్యువల్ టెస్టర్‌ని. ఆటోమేటిక్ పైప్‌లైన్ పెడుతున్నారు. నా ఉద్యోగం ఏమవుతుందో అని భయంగా ఉంది.

జవాబు: భయపడటంలో తప్పు లేదు, అయితే ఒకటి ఆలోచించండి. పైప్‌లైన్ కట్టేవాళ్లకు టెస్టులను ఎలా నడపాలో తెలుసు, ఏం టెస్ట్ చేయాలో తెలియదు. ఏ మార్పు చేస్తే ఏ మూల విరుగుతుందో, ఏ స్క్రీన్‌లో వెనక్కి బటన్ రెండుసార్లు నొక్కితే ఆర్డర్ రెండుసార్లు పడుతుందో మీకు తెలుసు. ప్రతి రిలీజ్‌కీ మీరు విసుగ్గా చేసే అవే వంద చెకింగులు మెషీన్‌కి పోతాయి, పోవాలి కూడా. అవి పోతే కొత్త ఫీచర్‌ని తిప్పి మళ్లీ తిప్పి విరగ్గొట్టి చూడటానికి మీకు టైమ్ దొరుకుతుంది, ఆ పని ఏ స్క్రిప్టూ చేయలేదు. వాళ్లు అడగకముందే మీరే వెళ్లి, డిప్లాయ్ అయిన వెంటనే నడవాల్సిన ఓ పది స్మోక్ టెస్టులు (ముఖ్యమైన పనులు నడుస్తున్నాయా అని చూసే చిన్న టెస్టులు) ఏవో రాసివ్వండి: లాగిన్, సెర్చ్, పేమెంట్, మెయిల్ వెళ్లడం, ఇలాంటివి.

ఇంకో విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. ఏ కారణం లేకుండా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టులు ఉంటాయి, వాటిని చూసీ చూసీ టీమ్‌కి "రెడ్ వచ్చిందా, మళ్లీ రన్ చెయ్" అనే అలవాటు పడుతుంది. ఆ అలవాటు పడ్డాక నిజమైన బగ్ చూపించిన రెడ్‌ని కూడా ఎవరూ పట్టించుకోరు. అలాంటి టెస్ట్ కనిపించిన రోజే పక్కన పెట్టించండి, బాగయ్యాకే తిరిగి రానివ్వండి.

ప్రశ్న: నేను మేనేజర్‌ని. ప్రతి రిలీజ్‌కీ నేను అప్రూవ్ చేయాలని రూల్ పెట్టాను, శుక్రవారం రిలీజ్‌లు నిషేధించాను. ఇప్పుడు టీమ్ వాళ్లు రోజుకి ఎన్నిసార్లయినా మెషీనే పంపిస్తుంది అంటున్నారు. నాకు నిద్ర పట్టేదెలా?

జవాబు: ఆ అప్రూవ్ బటన్ నొక్కే ముందు మీరు ఏం చూస్తున్నారో ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. కోడ్‌లో ప్రతి లైనూ చదువుతున్నారా? చదవడం లేదంటే ఆ బటన్ ప్రమాదాన్ని ఆపడం లేదు, రిలీజ్‌లను కుప్ప పోస్తోంది. రెండు వారాల మార్పులు కలిసి ఒకేసారి వెళ్తే, ఏదైనా విరిగినప్పుడు ఆ నలభై మార్పుల్లో ఏది కారణమో వెతకాలి. ఒక్క మార్పే వెళ్తే వెతికే పనే లేదు. 2009లోనే ఫొటోల వెబ్‌సైట్ ఫ్లికర్ ఇంజినీర్లు రోజుకి పదికి పైగా డిప్లాయ్‌లు చేస్తున్నామని ఒక సదస్సులో చెప్పారు, అప్పుడు విన్నవాళ్లకు వింతగా ఉంది గానీ ఇప్పుడు చాలా చోట్ల అది మామూలు సంగతి.

మీ నిద్రకు నిజంగా కాపలా కాసేది కొద్దికొద్దిగా పంపడం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఒక కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైల్‌ని పంపింది, అందులో లోపం వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన మెషీన్లు ఆ దిద్దుబాటుని అందుకునే స్థితిలో లేవు, చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. కోడ్ వెర్షన్లను దశలవారీగా పంపే అలవాటున్నా, ఈ రకం ఫైళ్లు మాత్రం ఒకేసారి అందరికీ వెళ్లేవి. అందుకే మీ పైప్‌లైన్‌లో కాన్ఫిగరేషన్ మార్పులు కూడా కోడ్ వెళ్లే దారిలోనే వెళ్లాలి: ముందు నూటికి ఒకరికి, కాసేపు ఎర్రర్లు చూసి, తర్వాత పదిమందికి, ఆ తర్వాత అందరికీ. ఎర్రర్లు పెరిగితే మెషీనే ఆపి వెనక్కి తీసుకోవాలి, మిమ్మల్ని లేపే పని ఆ తర్వాత.

ఫీచర్ ఎప్పుడు జనానికి కనపడాలి అన్న నిర్ణయం మీ దగ్గరే ఉంచుకోండి, అది న్యాయం. కోడ్‌ని ఫీచర్ ఫ్లాగ్ వెనక ఆపి ప్రొడక్షన్‌కి పంపేస్తే, ఫ్లాగ్ తిప్పే రోజు మీరు చెప్పొచ్చు. ఫ్లాగ్ పని అయిపోగానే కోడ్‌లోంచి తీసేయించండి, ఒకసారి వాడిన ఫ్లాగ్ పేరుని మళ్లీ వేరే పనికి వాడనివ్వకండి, నైట్ క్యాపిటల్‌ని ముంచినవాటిలో అదీ ఒకటి. శుక్రవారం నిషేధం బదులు, రిలీజ్ చేసినవాళ్లు ఆ తర్వాత గంటసేపు సీట్లో ఉండాలి అని పెట్టండి, అప్పుడు శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఎవరూ తమంతట తామే రిలీజ్ చేయరు.

ప్రశ్న: డేటాబేస్ పాస్‌వర్డ్ పొరపాటున గిట్‌లోకి వెళ్లింది. తర్వాతి కమిట్‌లో తీసేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, రిపాజిటరీ ఎవరి దగ్గరుంటే వాళ్లందరి దగ్గరా ఉంటుంది. ఇది చదవడం ఆపి ముందు పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ పైప్‌లైన్ టూల్‌లోని సీక్రెట్ల చోటికి మార్చండి, ప్రొడక్షన్‌వి మెయిన్ బ్రాంచ్ నుంచి నడిచే డిప్లాయ్ జాబ్‌కి మాత్రమే అందాలి. గిట్‌హబ్‌లో బయటివాళ్లు రాసిన యాక్షన్లు (పైప్‌లైన్‌లో వాడుకునే రెడీమేడ్ స్టెప్పులు) వాడుతుంటే వాటి వెర్షన్ ట్యాగ్‌ని నమ్మకండి. 2025 మార్చిలో వేలాది రిపాజిటరీలు వాడే ఒక యాక్షన్‌ని దాడి చేసినవాళ్లు చేజిక్కించుకుని, దాని పాత ట్యాగ్‌లన్నిటినీ తమ కోడ్ వైపు తిప్పేశారు, అది సీక్రెట్లను బిల్డ్ లాగ్‌లలోకి రాసిపెట్టింది. పూర్తి కమిట్ నంబర్ రాసుకున్నవాళ్లకు ఆ తిప్పడం తగల్లేదు.

ప్రశ్న: మాది మొబైల్ యాప్. మాకు రోల్‌బ్యాక్ ఎలా?

జవాబు: యూజర్ ఫోన్‌లోకి వెళ్లిపోయిన వెర్షన్‌ని మీరు వెనక్కి తీసుకోలేరు, కాబట్టి మిగతావాళ్లకన్నా మీరే నెమ్మదిగా పంపాలి. గూగుల్ ప్లేలో ఎంత శాతం మందికి వెళ్లాలో మీరే పెట్టుకోవచ్చు, బాగోలేకపోతే ఆపేయొచ్చు. యాపిల్ దశలవారీ రిలీజ్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతం చొప్పున వెళ్తాయి, మధ్యలో ఆపుకోవచ్చు. ఆపినా అప్పటికే తీసుకున్నవాళ్లకు సరిచేసిన కొత్త వెర్షన్ పంపడం తప్ప దారి లేదు, అందుకే బిల్డ్, సైనింగ్, స్టోర్‌కి అప్‌లోడ్ ఈ మూడూ ఆటోమేట్ అయి ఉండాలి. ప్రమాదం ఉన్న ఫీచర్లను సర్వర్ నుంచి ఆఫ్ చేసే ఫ్లాగ్ పెట్టుకోండి, మీకు దొరికే అసలైన రోల్‌బ్యాక్ అదే. అప్‌డేట్ చేయనివాళ్లు నెలల తరబడి ఉంటారు కాబట్టి ప్రతి రిక్వెస్ట్‌లో యాప్ వెర్షన్ నంబర్ పంపించండి, పాత వెర్షన్ల నుంచి వచ్చేవి లాగ్‌లో దాదాపు కనిపించకుండా పోయాకే సర్వర్‌లోని పాత ఏపీఐని (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారిని) తీయండి.